సిమెంటు ఆరక ముందు

పార్సిప్పనీలోని ఆ ఇన్సూరెన్స్ కంపెనీ మూడో అంతస్తులో శశికాంత్‌కి ముప్పై నాలుగేళ్ళు. ఇంటి దగ్గర ఇరవై ఎనిమిది. రోజూ పొద్దున కారు పార్క్ చేసి బ్యాడ్జి మెడలో వేసుకునేటప్పుడు ఆ మిగతా ఆరేళ్ళూ కూడా వేసుకుంటాడు. సాయంత్రం కారెక్కాక రెండూ తీసి పక్క సీట్లో పడేస్తాడు.

"ముప్పై నాలుగంటే ఎవరూ నమ్మరయ్యా. ఏం రాస్తావు మొహానికి?" అని టీములో తెలుగువాళ్ళు ఆటపట్టిస్తే, "కొబ్బరినూనె" అంటాడు. అందరూ నవ్వుతారు.

అందులో అబద్ధమేమీ లేదు. అంబాజీపేటలో వాళ్ళ నాన్నది కొబ్బరి వ్యాపారం. కాయని చెవి దగ్గర పెట్టుకుని ఊపి, లోపలి చప్పుడుని బట్టి ధర కట్టే ఇంట్లో పెరిగినవాడు శశికాంత్. ఏ వస్తువు చూసినా ముందు దాని బజారు ఎలా ఉందో ఆలోచించడం అతనికి పుట్టుకతో వచ్చిన అలవాటు. చదువు విషయంలోనూ అలాగే ఆలోచించాడు. అక్కడే దెబ్బ తిన్నాడు.

అతను పదో తరగతిలో ఉండగా ఊరవతల చేలల్లోకి గ్యాసు బావి తవ్వే రిగ్గు వచ్చింది. పచ్చటోపీల ఇంజనీర్లు జీపుల్లోంచి దిగుతుంటే రోడ్డు మీద జనం నిలబడి చూసేవాళ్ళు. వాళ్ళ జీతాల గురించి కొట్లో ఒక్కొక్కరు ఒక్కొక్కలా చెప్పుకునేవారు, ఎవరు చెప్పినా పెద్దదే. ఇంతకంటే గిరాకీ ఉన్న చదువు లేదని తేల్చుకుని శశికాంత్ కాకినాడలో పెట్రోలియం బీటెక్ చేశాడు. అది చాలదని ఓక్లహోమా వెళ్ళి అదే పెట్రోలియంలో ఎం.ఎస్. చేశాడు. చేరినప్పుడు ఆకాశంలో ఉన్న బజారు, చేతికి పట్టా వచ్చేసరికి నేలలోకి దిగిపోయింది. కరోనాలో చమురు కొనేవాడు లేక కంపెనీలు ఉన్నవాళ్ళనే ఇళ్ళకి పంపేశాయి. కొత్తవాళ్ళ మొహం ఎవరు చూస్తారు? సరుకులో లోపం లేదు. బజారు మూతపడింది, అంతే.

బజారు మూతపడితే వాళ్ళ నాన్న సరుకు గోదాములో వేసి తాళం పెట్టేవాడు. స్టూడెంట్ వీసా మీద వచ్చినవాడికి గోదాము ఉండదు. చదువయ్యాక గడువులోగా ఏదో ఒక ఉద్యోగం చూపించాలి, లేదా విమానం ఎక్కాలి. గడువు సగం కరిగాక శశికాంత్ బస్సెక్కి పార్సిప్పనీలో ఒక కన్సల్టెన్సీ వాళ్ళ గెస్ట్‌హౌస్‌కి వచ్చాడు. గెస్ట్‌హౌస్ అంటే పేరుకే. రెండు బెడ్రూముల అపార్ట్‌మెంటులో గోడవారగా పరుపులు, పరుపుకొక ఇంజనీరు. మెకానికల్ వాడు, సివిల్ వాడు ఇందులో, బయోటెక్నాలజీ అమ్మాయిలు పక్క అపార్ట్‌మెంటులో. అందరికీ కొన్ని వారాలు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్పి, ఎనిమిదేళ్ళ అనుభవం ఉందని రెజ్యూమే రాసి, కంపెనీలకి కాంట్రాక్టర్లుగా పంపుతారు. రెజ్యూమేలు రాసేవాడు తేజేశ్వర్, కరీంనగర్ వాడు. చేతిలో టీ కప్పు లేకుండా అతన్ని ఎవరూ చూడలేదు.

"పెట్రోలియమా? దాన్ని ఇప్పుడు ఎవడు కొంటడు భై? తీసెయ్," అన్నాడు మొదటిరోజే.

"పూర్తిగా తీసెయ్యాలా?"

"మరి ఎనిమిదేండ్ల ఎక్స్‌పీరియెన్స్ ఎక్కడ పెట్టాలె, నా నెత్తి మీదనా? నీది సీఎస్‌ఈ బీటెక్, రెండువేల పదమూడు పాసౌట్. ఆరేండ్లు హైదరాబాద్ల బ్యాంక్ ప్రాజెక్టు. రెండేండ్లు ఇక్కడ. నీ ఓక్లహోమా ఆ రెండేండ్ల కింద పడి సచ్చిపోయింది. దినం చెయ్, మర్చిపో."

"రెండువేల పదమూడులో నేను టెన్త్ రాశాను."

"అది నీకు తెలుసు, నాకు తెలుసు. క్లయింట్‌కి ఎందుకు చెప్తవ్?"

శశికాంత్ ఆ రోజు లెక్క వేసుకున్నాడు. ఇటువైపు ఎవరూ కొనని నిజం. అటువైపు రేపే అమ్ముడుపోయే అబద్ధం. మధ్యలో దగ్గరపడుతున్న గడువు. ఏ వ్యాపారికైనా అది కష్టమైన లెక్క కాదు. నెల తిరక్కుండా, తను ఎప్పుడూ అడుగుపెట్టని హైదరాబాద్ ఆఫీసులో మధ్యాహ్నం భోజనం ఎక్కడ చేసేవాడో, మేనేజరు పేరేమిటో, ఏ బస్సు ఎక్కేవాడో కూడా నిద్రలో లేపి అడిగితే చెప్పగలిగేలా తయారయ్యాడు. రెండో ఇంటర్వ్యూలోనే ఈ ఇన్సూరెన్స్ కంపెనీలో కాంట్రాక్టు దొరికింది. తర్వాత కన్సల్టెన్సీ వాళ్ళే వీసా కూడా చేయించారు. వీసా లాయరు ఫైల్లో అసలు డిగ్రీ, క్లయింట్ ఫైల్లో తేజేశ్వర్ రాసిన డిగ్రీ. ఒకే మనిషికి రెండు కాగితాలు. అవి రెండూ ఒక బల్ల మీదకి రానంతవరకు ఇబ్బంది లేదు.

ఆ లెక్కలో అతను పట్టించుకోనిది ఒక్కటే. లేబుల్ మార్చి అమ్మిన సరుకుని, రేపు అసలు పేరుకి గిరాకీ వచ్చినా, ఆ పేరుతో మళ్ళీ అమ్మలేం.

*

ఈ ఏడాది మొదట్లో కంపెనీ కొత్త వ్యాపారంలోకి దిగింది. పెన్సిల్వేనియా కొండల్లో ఎప్పుడో తవ్వి వదిలేసిన నూనె బావులు వేలకొద్దీ ఉన్నాయి. ఇళ్ళ వెనక, స్కూళ్ళ పక్క, మొక్కజొన్న చేలల్లో. వాటిలోంచి గ్యాసు పైకి లీకవుతుంటే ప్రభుత్వం సొమ్ము ఇచ్చి మూయిస్తోంది. బావిలోకి సిమెంటు పంపి మూసే కాంట్రాక్టర్లకి ఇన్సూరెన్స్ కావాలి. దానికో సాఫ్ట్‌వేర్, దాన్ని పరీక్షించే టీములో శశికాంత్.

టెస్టర్ పని సులువే. ఇలా ఉండాలని పై నుంచి ఒక పత్రం వస్తుంది. సాఫ్ట్‌వేర్ అలా ఉందో లేదో చూడాలి. లేకపోతే డిఫెక్ట్ రాయాలి. పత్రంలో లేనిది టెస్టర్‌కి అనవసరం. శశికాంత్ నాలుగేళ్ళుగా అదే పద్ధతిలో నడిచాడు. కానీ ఆ రోజు తెర మీద, బావిలో సిమెంటు పోసిన గంటకే ప్రెజర్ టెస్టు పాసైనట్టు నింపితే సాఫ్ట్‌వేర్ కిక్కురుమనకుండా ఒప్పుకుంది.

అతనికి ఓక్లహోమా క్లాసురూము గుర్తొచ్చింది. ముసలి ప్రొఫెసరు ఏటా ఒకరోజు మూత పెట్టిన సోడా కప్పు తెచ్చి బాగా ఊపేవాడు. మూతలోంచి స్ట్రా గుచ్చి, స్ట్రా చివర చ్యూయింగ్ గమ్‌తో మూసి, "ఇదిగో, సిమెంటు వేశాను, బావి మూసుకుంది, సంతకం పెట్టాను" అనేవాడు. మరుక్షణం గమ్ ఊడి సోడా చిమ్మి ముందు బెంచీ తడిసిపోయేది. అప్పుడు ముసలాయన నింపాదిగా కళ్ళజోడు తుడుచుకుంటూ, "సంతకం పెట్టినవాడు మాత్రం ఈపాటికి ఇంట్లో భోంచేస్తుంటాడు" అనేవాడు. క్లాసంతా ఘొల్లుమనేది. ఆ ఏడాది తడిసిన చొక్కా శశికాంత్‌ది.

వేళ్ళు వాటంతట అవే టైపు చేశాయి. సిమెంటు గట్టిపడటానికి వేచి ఉండాల్సిన సమయం, లోతుని బట్టి, వేడిని బట్టి అది ఎలా మారుతుంది, అంతకు ముందు చేసిన టెస్టుకి ఎందుకు విలువ లేదు, ఆ తేదీలు చూసుకోకుండా పాలసీ ఇస్తే రేపు ఎవరి నెత్తి మీదకి వస్తుంది. డిఫెక్ట్ సబ్మిట్ చేసి కాఫీకి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి విశ్వనాథం గారు అతని కుర్చీ వెనక నిలబడి ఉన్నారు.

విశ్వనాథం గారిది బెజవాడ. ఆ విభాగానికంతా మేనేజరు. ఈ దేశం వచ్చి పాతికేళ్ళు దాటినా లంచ్ బాక్సులో పెరుగన్నం, మాగాయ తప్పనిసరి. తెలుగు కాంట్రాక్టర్లంటే ఆయనకి ఒక కన్ను అభిమానం, ఒక కన్ను అనుమానం.

"ఏమయ్యా, ఇది టెస్టర్ రాసిన డిఫెక్టేనా?"

"తప్పుందాండి?"

"తప్పు లేకపోవడమే నా బాధ. రిక్వైర్‌మెంట్‌లో ఈ ముక్క లేదు. నీకెవరు చెప్పారు?"

అబద్ధాలు రాసి పెట్టుకున్నవాడికి ఇంకొకటి చేత్తో తీసివ్వడం కష్టం కాదు. "మా బాబాయి రిగ్గు మీద పనిచేసేవాడండి. చిన్నప్పుడు చెప్తుండేవాడు."

విశ్వనాథం గారు తెర వైపు ఇంకోసారి చూశారు. "మీ బాబాయి బాగా చెప్పాడు," అని వెళ్ళిపోయారు.

*

వారం తర్వాత క్యాంటీన్లో భోజనాల దగ్గర ఆయనే మాట ఎత్తారు. బావుల విభాగానికి ఒక ఇంజనీరు కావాలట. ఫుల్‌టైమ్, కంపెనీ సొంత మనిషి. గ్రీన్ కార్డు కూడా కంపెనీయే వేస్తుంది.

"కానీ పెట్రోలియం చదివినవాడు దొరికితేగా," అన్నారు మాగాయ ముక్క పక్కకి నెడుతూ. "ఆయిల్ పడిపోయిందని ఆ కోర్సులో చేరడమే మానేశారు పిల్లలు. ఉన్నవాళ్ళని టెక్సాస్ వాళ్ళు వదలరు. నీలాంటి బుర్ర ఉన్నవాడికి ఆ డిగ్రీ ఉంటే నేను ఇవాళే కాయితాలు కదిపేవాణ్ణి."

శశికాంత్ చేతిలో చపాతీ ముక్క అలాగే ఉండిపోయింది. "డిగ్రీ లేకపోతే కుదరదాండి?"

"ఎలా కుదురుతుంది? పాలసీ మీద ఇంజనీరు సంతకం ఉండాలి. పైగా ఫుల్‌టైమ్ అంటే బ్యాక్‌గ్రౌండ్ చెక్ పిల్లలాట కాదు. కాలేజీకి ఫోన్ చేస్తారు, పాత కంపెనీలకి ఫోన్ చేస్తారు. మీ కాంట్రాక్టర్ల సంగతి వేరు. మీ గురించి మీ కన్సల్టెన్సీ వాళ్ళు ఏం చెప్తే అదే మాకు వేదం." ఆ చివరి మాట అంటూ ఆయన నవ్వారు. ఆయన ఎంత తెలిసి నవ్వారో శశికాంత్‌కి అర్థం కాలేదు.

ఎవరూ కొనరని తను పాతిపెట్టిన సరుకు కోసం అదే అంతస్తులో, పది కుర్చీల అవతల, కొనేవాడు ఎదురుచూస్తున్నాడు. అమ్మడానికి నోరు లేదు.

*

"చెప్పెయ్," అంది అంకిత, దొండకాయలు చక్రాలుగా తరుగుతూ. ఆమె గుంటూరులో దంతవైద్యం చదివింది. ఇక్కడ పళ్ళు ముట్టుకోవాలంటే మళ్ళీ మొదట్నుంచి చదవాలి. భర్త వీసా మీద వచ్చింది కాబట్టి ఈలోపు ఏ పనీ చేయడానికి వీల్లేదు. అల్మారా మీది నీలం సూట్‌కేసులో ఆమె బీడీఎస్ పట్టా, అతని ఎం.ఎస్. పట్టా ఒకే కవర్లో ఉన్నాయి. పెళ్ళైన కొత్తలో ఆ కవరు చూసి, "వీటికీ పెళ్ళైనట్టే," అని నవ్వింది. తర్వాత ఇద్దరూ ఆ సూట్‌కేసు దించలేదు.

"చెప్తే ఏమవుతుందో తెలుసా?"

"నువ్వే చెప్పు, ఏమైద్దో."

"కాంట్రాక్టు ఆ రోజే తీసేస్తారు. కన్సల్టెన్సీ వాళ్ళు నేనెవరో తెలీదంటారు. వీసా నిలవాలంటే రెండు నెలల్లో ఇంకోచోట కుదరాలి. ఏ రెజ్యూమే పట్టుకుని తిరగను? పాతదైతే మళ్ళీ అదే అబద్ధం. అసలుదైతే చదువైనప్పట్నుంచి ఖాళీ."

"ఖాళీ ఏంది, ఇక్కడే చేశావుగా?"

"ఇక్కడ చేసింది వేరేవాడు. సీఎస్‌ఈ చదివిన ముప్పై నాలుగేళ్ళవాడు."

అంకిత కత్తి పక్కన పెట్టింది. "మరి చెప్పకపోతే?"

"ఇప్పుడున్నట్టే ఉంటాం."

"ఇట్టాగే? నువ్వు ఇంకొకడి పేరున సంపాదిస్తా, నేను ఈ నాలుగు గోడల మధ్య కూరలు తరుగుతా?" గొంతు పెరగలేదు, అదే అతనికి ఎక్కువ తగిలింది. "శశీ, పన్ను పుచ్చితే పైన క్యాప్ వేస్తాం. బాగున్న పన్నుని అరగదీసి క్యాప్ వేయించుకున్నోణ్ణి నిన్నొక్కణ్ణే చూశా. ఒకసారి అరగదీశాక ఆ క్యాప్ తీసినా పన్ను మళ్ళీ మొలవదు. కానీ నొప్పి మాత్రం నీకే తెలిసిద్ది."

"అయితే ఏం చెయ్యమంటావు?"

"విశ్వనాథం గారు మంచోరేగా. మనోరేగా. రేపు ఆ కాయితం తీసుకుపోయి ఆయన ముందు పెట్టు. ఏం జరిగినా ఒకసారే జరిగిద్ది."

ఆమె స్టూలెక్కి సూట్‌కేసు తనే దించింది.

*

మర్నాడు ఆఫీసు పార్కింగ్‌లో కారు ఆపి, లోపలికి వెళ్ళే ముందు శశికాంత్ తేజేశ్వర్‌కి ఫోన్ చేశాడు. తేజేశ్వర్ ఇప్పుడు ఆ కన్సల్టెన్సీలో భాగస్తుడు, ఆ వారం హైదరాబాద్‌లో ఉన్నాడు.

"రెజ్యూమే మార్చడానికి కుదురుతుందా తేజా?"

"రెండు నిమిషాల పని. కానీ వాళ్ళ దగ్గరున్న పాతదాన్ని ఎవడు మార్సాలె? నీ మేనేజర్ బుర్రలకెళ్ళి ఎవడు తీయాలె?"

"నా దగ్గర నిజం డిగ్రీ ఉంది."

"ఉంటే ఏంది? దాని మీద డేట్ ఉంది. ఆ డేట్ నాడు నువ్వు మా లెక్క ప్రకారం ఆడనే ప్రాజెక్టుల పనిచేస్తున్నవ్." కాసేపు ఏదో నమిలిన చప్పుడు. "నీకు గంత పెట్రోలియం మీద పానం గుంజితే ఒక పని చెయ్. ఆన్‌లైన్ల అదే మాస్టర్స్ మళ్ళ జాయినైపో. రెండేండ్లల్ల కొత్త డేట్‌తోని కొత్త డిగ్రీ వస్తది. టెస్టర్ పోరడు ఎంత కష్టపడి చదివిండు అని నీకే దండేస్తరు."

శశికాంత్‌కి నవ్వొచ్చింది. తన కొట్లోంచి పోయిన బస్తాని తనే సంతలో బేరమాడి కొనుక్కోవడమన్న మాట. అంతలో, ఆ సలహాలో లోపం వెతకబోతే ఒక్కటీ కనిపించక, నవ్వు ఆగిపోయింది.

"నువ్వే కదా తీసెయ్యమన్నావు," అన్నాడు.

"నేను తీసెయ్యమన్న. నువ్వు తీసినవ్. ఎవడన్నా నీ చెయ్యి పట్టుకున్నడా? సరే భై, బిర్యానీ సల్లారుతుంది. మల్ల మాట్లాడదాం."

*

విశ్వనాథం గారు చిన్న మీటింగ్ రూములోకి పిలిచి తలుపు వేశారు. శశికాంత్ ఫోల్డరు బల్ల మీద పెట్టి, రెండు చేతులూ దాని మీద ఆనించి కూర్చున్నాడు.

"ఏమిటది?"

"మీకొకటి చూపించాలండి. ఆ బావుల ఉద్యోగం గురించి."

ఆయన ఫోల్డరు వైపు కాక అతని మొహం వైపు చూశారు. కుర్చీ వెనక్కి జరుపుకున్నారు. "ఆగు. తెరవకు. ముందు నేను చెప్పేది విను. తెరవనంతసేపు నేను నీతో కలిసి అన్నం తినేవాణ్ణి. తెరిచాక మేనేజర్ని."

"తప్పుడు కాగితం కాదండి. నిజమైనదే."

"నాకూ అలాగే అనిపిస్తోంది. నువ్వు రాసిన డిఫెక్ట్ చదివిన రోజే అనిపించింది. దొంగ కాగితమైతే చూసి నవ్వి, ఇంటికెళ్ళి పడుకో అనేవాణ్ణి. అది నిజమైతే మరి నా ఫైల్లో నాలుగేళ్ళుగా ఉన్నదేమిటి? ఆ ప్రశ్న నేను అడక్కుండా ఉండాలంటే అది నేను చూడకూడదు."

"మీకు మనిషి కావాలి కదండి. నాకు పని వచ్చు. మీకే తెలుసు."

"తెలుసు. అందుకే కడుపు తరుక్కుపోతోంది." ఆయన గొంతు తగ్గించారు. "వినవయ్యా. నువ్వు ఒక్కడివే కాదు. ఈ అంతస్తులో ఇరవై మంది కాంట్రాక్టర్లున్నారు. నీది తెరిస్తే పైవాళ్ళు అందరివీ తెరవమంటారు. ఎవరి ఫోల్డర్లో ఏముందో నాకు తెలీదు. తెలుసుకోవాలని లేదు. ఆ ఇరవై ఇళ్ళ పొయ్యిలూ నీ ఒక్కడి నిజం మీద ఆరిపోవాలా?"

ఇది శశికాంత్ లెక్కలోకి రాని అంకె. తన నష్టం, అంకిత నష్టం కూడి చూసుకుని వచ్చాడు. పక్క పరుపుల మీద పడుకున్న మెకానికల్ వాడూ సివిల్ వాడూ ఇంకా ఈ భవనంలోనే ఎక్కడో ఉన్నారన్న సంగతి మరిచిపోయాడు.

"నేనిప్పుడు ఏం చెయ్యాలండి?"

"నీ పని నువ్వు చెయ్యి. మంచి టెస్టర్‌వి. నీ కాంట్రాక్టు ఈ ఏడాదికి పొడిగించమని ఇవాళ మెయిల్ పెడతాను." విశ్వనాథం గారు లేచి తలుపు తీసి, వెనక్కి తిరగకుండానే అన్నారు. "ఆ ఫోల్డరు ఇంటికి తీసుకెళ్ళు. కార్లో కూడా ఉంచకు."

దయ చూపించినవాడి మీద కోపం తెచ్చుకోవడానికి కూడా వీల్లేదు. తలుపు మూసినట్టే లేదు, కానీ తాళం పడింది.

ఆ సాయంత్రం అంకిత, అతను తిరిగి తెచ్చిన ఫోల్డరు చూసి, పట్టాలు రెండూ మళ్ళీ ఒకే కవర్లో పెట్టి, సూట్‌కేసు అల్మారా మీదకి ఎక్కించింది. తర్వాత, "కాంట్రాక్టన్నా పొడిగించారా?" అంది.

"ఏడాదికి."

"సరే," అంది.

*

ఆ బావుల ఉద్యోగంలోకి హాసిని వచ్చింది. వరంగల్ పిల్ల, ఈ మధ్యే చదువు ముగించింది. ఏ యూనివర్సిటీ అని ఎవరో అడిగితే చెప్పింది. ఆ పేరు వినగానే శశికాంత్ నీళ్ళ సీసా మూత తీసి, తాగకుండానే మళ్ళీ బిగించాడు.

"పెట్రోలియం చదువుతానంటే ఇంట్ల అందరూ తిట్టిన్రు అన్నా," అంది అతనితో, మొదటివారంలోనే అన్నా అని వరస కలిపేసి. "దాన్ల ఉద్యోగాలు రావు, సాఫ్ట్‌వేర్ చెయ్యి అని ఒక్కటే పోరు. మా క్లాస్‌ల ఏడుగురమే ఉన్నం."

"ధైర్యం చేశావు."

"ధైర్యం ఏం లేదన్నా. మొండితనం. మీరు సీఎస్‌ఈ కదా, మీకు ఈ టెన్షన్లు తెల్వవ్."

"తెలీదమ్మా," అన్నాడు శశికాంత్.

బావుల సంగతి టెస్టింగ్ టీముకి కాస్త అర్థమయ్యేలా చెప్పమని విశ్వనాథం గారు హాసినిని అడిగారు. ఆమె స్లయిడ్లు వద్దంది. భోజనాల దగ్గరే చెప్తానంది. ఆ రోజు క్యాంటీన్లో పొడుగాటి బల్ల చుట్టూ టీమంతా కూర్చున్నారు. ఒక చివర విశ్వనాథం గారు లంచ్ బాక్సు తెరిచి పెరుగన్నం కలుపుకుంటున్నారు. హాసిని మూత పెట్టిన సోడా కప్పు పట్టుకొచ్చి అందరి మధ్య నిలబడింది. శశికాంత్ సరిగ్గా ఆమె ఎదురుగా ఉన్నాడు. అతను కుర్చీ కొంచెం వెనక్కి లాక్కున్నాడు. ఎవరూ గమనించలేదు.

"ఇది భూమి అనుకోండి. లోపల గ్యాస్ ప్రెజర్ల ఉంది," అని ఆమె కప్పుని గలగలా ఊపింది. స్ట్రా గుచ్చింది. "ఇది బావి." నోట్లోంచి చ్యూయింగ్ గమ్ తీసి స్ట్రా చివర అద్దింది. ఛీ అని ఎవరో అంటే అందరూ నవ్వారు. "సైన్స్ అన్నా, సైన్స్. ఇప్పుడు సిమెంట్ వేసినం. బావి మూసుకుంది. సంతకం కూడా పెట్టేసినం."

గమ్ ఊడింది. సోడా చిమ్మి బల్ల మీద, బ్యాడ్జి మీద, శశికాంత్ చొక్కా మీద పడింది. "అయ్యయ్యో సారీ అన్నా," అంటూనే హాసిని తన కళ్ళజోడు తీసి, ఎవర్నో అనుకరిస్తున్నట్టు, నింపాదిగా చున్నీతో తుడవడం మొదలుపెట్టింది.

ఆ తుడిచే తీరు ఓక్లహోమా ముసలాయనదే. అచ్చం. బొటనవేలు అద్దం మీద గుండ్రంగా రెండుసార్లు తిప్పి, ఒకసారి వెలుగుకి పట్టి చూసి. శశికాంత్‌కి తెలియకుండానే నవ్వు పొంగుకొచ్చింది. ఆ కంపెనీలో ఇన్నేళ్ళలో ఎప్పుడూ నవ్వనంత పెద్దగా, ఒక్కడే, ఇరవై రెండేళ్ళ కుర్రాడి నవ్వు నవ్వాడు.

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు తినడం ఆపారు.

హాసిని చేతిలో కళ్ళజోడు ఆగింది. "అన్నా," అంది, "నేను జోక్ ఇంకా చెప్పలే."

అందరూ శశికాంత్ వైపు చూశారు, ఒక్క విశ్వనాథం గారు తప్ప. ఆయన పెరుగన్నం కలుపుతూనే ఉన్నారు. అది కలవడం ఎప్పుడో అయిపోయింది.

"మా బాబాయి కూడా..." అన్నాడు శశికాంత్. "ఇలాగే ఏదో చెప్పేవాడు."

"రిగ్గు మీద పనిచేసిన బాబాయేనా?" అన్నారు విశ్వనాథం గారు, తలెత్తకుండానే.

"ఆయనే."

హాసిని అతన్ని కావలసినదానికంటే ఎక్కువసేపు చూసింది. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని, బల్ల మీది టిష్యూలు అతని వైపు జరిపింది.

"మళ్ళ మొదట్నుంచి చెప్పాల్నా అన్నా?"

"చెప్పమ్మా," అన్నాడు శశికాంత్, బ్యాడ్జి మీది సోడా తుడుచుకుంటూ. "నాకిదంతా కొత్త కదా."